ఇరవై నిమిషాలకోసారి

“తప్పిపోయిందంటారేంటి మేడమ్? ఆ అమ్మాయి క్లాసులోనే ఉంది కదా!” అంది ట్రైనర్.

ఫోను తెర మీద ఆమె మొహం నవ్వుతూనే ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళని తన ఇంట్లో కూర్చునే ఆహ్వానించి, తన ఇంట్లో కూర్చునే పని నేర్పడం ఆమె ఉద్యోగం. తొమ్మిదింటి నుంచి అయిదింటిదాకా నవ్వి నవ్వి, ఆ నవ్వుని ఎప్పుడు దించాలో మరిచిపోయినట్టుంది.

ఇవతల ఫోను పట్టుకున్నది పిన్ని. డిటెక్టివ్ పని మొదలుపెట్టి పంతొమ్మిదేళ్ళయినా ఆమెను అందరూ పిన్ని అనే పిలుస్తారు. ఎవరైనా ఇంటికి పది నిమిషాలు ఆలస్యమైతే ముందు ఆసుపత్రి, తర్వాత రైలు పట్టాలు, ఆ తర్వాత బావి కళ్ళ ముందు మెదిలే మనిషి. ఈ పంతొమ్మిదేళ్ళలో ఆ భయం ఉత్తదేనని తేలిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

“ఉంది అంటే? మొహం చూశావా?”

“కెమెరా ఆపుకుంది మేడమ్, మంగళవారం నుంచి. చాలామంది ఆపుకుంటారు. కానీ పచ్చ గడి నొక్కుతోంది.”

పచ్చ గడి అంటే హాజరు. మధ్యాహ్నం భోజనం గంట వదిలితే, ఇరవై నిమిషాలకోసారి నేర్చుకునేవాళ్ళందరి తెరల మీదా టింగుమని ఒక గడి వస్తుంది. ‘ఉన్నాను’ అని రాసి ఉంటుంది. నిమిషంలోగా నొక్కాలి. నొక్కితే పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంది. మూడుసార్లు తప్పితే శిక్షణ పోయినట్టే, దాంతోపాటు ఉద్యోగమూ.

“ఇరవై రెండు పచ్చలూ వెలుగుతున్నాయి మేడమ్. మా బ్యాచ్‌లో ఒక్క గైర్హాజరీ లేదు,” ట్రైనర్ గొంతులో గర్వం.

“పరీక్షలు పెడతారటగా. మార్కులేవి?”

అక్కడ మాత్రం నవ్వు కొంచెం వణికింది. “రోజూ సాయంత్రం ఇరవై ప్రశ్నలు. సోమవారం పంతొమ్మిది వచ్చాయి. మంగళవారం అయిదు. బుధవారం నాలుగు. నిన్న ఆరు.”

“అంత తెలివైన పిల్లకి అయిదా?”

“ఒత్తిడి మేడమ్. అన్ని ప్రశ్నలకీ మొదటి జవాబే టిక్కు పెట్టేసింది. కొత్తవాళ్ళు అలాగే చేస్తారు.”

“నువ్వు అడగలేదా?”

“ఆఖరి పరీక్షదాకా మేం ఏమీ అనకూడదు. భయపడతారని రూలు.”

పిన్ని ఆ పిల్ల నొక్కిన సమయాలన్నీ, సెకన్లతో సహా, పంపించమంది. కాగితాలు చేతికొచ్చేసరికి తొమ్మిదిన్నర. ఆటోలో వెళుతూ వేలు పెట్టి చదువుకుంది. సోమవారమంతా రెండు సెకన్లు, మూడు సెకన్లు. మంగళవారం పొద్దున్న కూడా అంతే. పదకొండింటి గడి రెండు సెకన్లు. పదకొండూ ఇరవై గడి నలభై ఎనిమిది సెకన్లు. ఆ తర్వాత ఇక ఏ గడీ పది సెకన్ల లోపు లేదు.

ఆ పిల్ల వేలు పదకొండింటికి ఆగిపోయింది. అప్పటి నుంచి నొక్కుతున్న వేలు ఇంకెవరిదో.

పిన్ని కాగితాలు మడిచేసింది.

* * *

పిల్ల ఇల్లు రెండో అంతస్తులో, రెండు గదులు. ముందు గదిలో ఒక మూల తల్లి కుట్టుమిషన్, ఇంకో మూల కూతురి బల్ల. తండ్రి ఎప్పుడో పోయాడు. పోలీసుల మీద నమ్మకం చాలక పిన్నిని పెట్టుకున్నది పిల్ల మేనమామ. తల్లి మాత్రం ఆమెను చూడగానే సంతోషించలేదు. కూర్చోమని, తను వెళ్ళి మిషన్ ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. పక్కన బడి పిల్లల యూనిఫారాలు గుట్టగా ఉన్నాయి.

పిన్ని గోడ గడియారం చూసుకుంది. పదీ పది.

“మంగళవారం పొద్దున్నించి చెప్పు చెల్లెమ్మా. నిదానంగా.”

“తొమ్మిదికి ఆ కుర్చీలో కూర్చుంది అక్కా. అయిదింటికి లేచింది. అయిదుంబావుకి కంప్యూటర్ సంచీలో పెట్టుకుని స్నేహితురాలింటికని వెళ్ళింది. రాలేదు.” ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది.

“మధ్యాహ్నం ఏం తింది?”

మిషన్ ఆగింది. “తింది.”

“అదే, ఏం తింది?”

“అన్నమే. ఇంకేం తింటాం?”

పిల్ల వెళ్ళిపోయి మూడేళ్ళయిన తల్లుల్ని చూసింది పిన్ని. ఆ పూట పిల్ల ఏం తిందో, కంచంలో ఎంత వదిలేసిందో, ఇంకొంచెం పెడతానంటే ఏమని విసుక్కుందో వాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఈమెకి మూడు రోజుల కిందటి అన్నం గుర్తు లేదు.

పిన్ని లేచి కూతురి బల్ల దగ్గరికి వెళ్ళింది. కుర్చీ వెనక గోడకి తెల్ల దుప్పటి మేకులు కొట్టి కట్టారు, పెచ్చులూడిన గోడ క్లాసులో వాళ్ళకి కనబడకుండా. బల్ల కింద కంపెనీవాళ్ళు పంపిన స్వాగతం పెట్టె. మూత మీద చిన్న చీటీ: ‘21లో 14’. లోపల ఒక కప్పు, మెడలో వేసుకునే నీలం తాడు, ‘మన కుటుంబంలోకి స్వాగతం’ అని అచ్చువేసిన కార్డు. తాడుకి తగిలించాల్సిన గుర్తింపు కార్డు మాత్రం లేదు.

“కప్పు వాడలేదే?”

“ట్రైనింగ్ పూర్తయ్యాకే అందులో తాగుతానంది.” తల్లి కప్పు కేసి చూసింది. ఇది మాత్రం ఎక్కంలా లేదు.

నోటుపుస్తకం తెరిచింది. ముత్యాల్లాంటి అక్షరాలు, పేజీకో తేదీ, గంట గంటకీ సమయం. మంగళవారం పేజీ సగంలో ఆగిపోయింది. ఆఖరి వరసలో ‘11.00 టీ విరామం’ అని ఉంది. గుమ్మం పక్కన చెప్పుల స్టాండులో పిల్ల బయటికి వేసుకెళ్ళే చెప్పులు రెండు జతలూ ఉన్నాయి.

“ఇంట్లో వేసుకునే స్లిప్పర్లేవి?”

తల్లి చూపు గడియారం మీదికి వెళ్ళింది. పదీ ఇరవై. ఒక్కసారిగా మిషన్‌ని ఇల్లదిరేలా తొక్కింది. ఆ చప్పుడు అడుగున ఎక్కడో ఏదో మోగిందా, తన చెవులే మోగాయా అని పిన్ని అనుకునేలోపు, “అయ్యో, పొయ్యి మీద పాలు!” అంటూ తల్లి వంటింట్లోకి పరిగెత్తింది.

పిన్ని మిషన్ మీదికి వంగింది. గుడ్డ నిండా సూది కన్నాలు. సూదిలో దారం లేదు.

తల్లి కొంగుతో మొహం తుడుచుకుంటూ తిరిగొచ్చి మళ్ళీ కూర్చుంది. మాటలు నడిచాయి. పదీ నలభైకి మిషన్ మళ్ళీ హోరెత్తింది. మళ్ళీ పాలు.

పాల వాసన లేదు. మాడిన వాసనా లేదు. ఇప్పుడు అర్థమైంది. ఆ వేలు ఎవరిదో తెలిసిపోయింది. ఆటోలో ఆమె మనసులో మిగిలిన ఒక్క ఆశ కూడా, ఎక్కడో ఒకచోట పిల్లే ఒంట్లో బాగాలేక ఆలస్యంగా నొక్కుతోందేమోనన్న ఆశ, ఆ దారం లేని సూది దగ్గర తెగిపోయింది.

* * *

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచే నవ్వాడు.

“పిన్నిగారు అప్పుడే దిగిపోయారే! ఎక్కడ ఏడుపు వినిపిస్తే అక్కడ మీరు.”

“మీరు వస్తే ఏడుపు ఇంకా పెరుగుతుంది నాయనా. అందుకే ముందొచ్చాను.”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఏమ్మా, నీ కూతురు బతికే ఉంది. కంపెనీలో కనుక్కున్నాం. క్లాసుకి రోజూ హాజరవుతోంది. ఎవడితోనో వెళ్ళింది. కంప్యూటర్ పట్టుకెళ్ళింది. ఫోను కావాలనే ఇంట్లో వదిలేసింది. ఇవాళ ఫైలు మూసేస్తున్నా.”

“సాయంత్రం అయిదు నుంచి తొమ్మిదిదాకా వీధి కెమెరాలన్నీ చూశారు కదా. ఒక్కదాంట్లోనైనా కనబడిందా?” అడిగింది పిన్ని.

“మొహం కప్పుకుని ఉంటుంది.”

“ఇంటి స్లిప్పర్లతోనా లేచిపోయేది? రెండు జతల చెప్పులున్న పిల్ల?”

“అయ్యబాబోయ్, చెప్పులు చూసి కేసు తేల్చేస్తారు! మా డిపార్టుమెంటులో కూడా చెప్పుల స్టాండు ఒకటి పెట్టించాలి.”

“పెట్టించండి. ముందు మీ వాచీ చూడండి. ఎంతయింది?”

“పదీ యాభై తొమ్మిది. ఏం?”

పిన్ని ట్రైనర్‌కి ఫోను కలిపింది. “పదకొండింటి గడి వస్తుంది కదమ్మా. ఈ అమ్మాయి ఎన్ని సెకన్లకి నొక్కిందో చూసి చెప్పు.” తర్వాత తల్లి వైపు తిరిగింది. తల్లి కాళ్ళు మిషన్ పెడల్ మీదికి చేరాయి. కళ్ళు గడియారం మీద ఉన్నాయి. కానీ ఇద్దరూ తననే చూస్తుంటే లేవలేకపోతోంది.

“వెళ్ళు చెల్లెమ్మా,” అంది పిన్ని మెల్లగా. “నేనేమీ అనను. వెళ్ళు, గడి పోతుంది.”

తల్లి ఒక్క ఉదుటున లేచి పరిగెత్తింది.

“నొక్కింది మేడమ్,” ఫోనులో ట్రైనర్ గొంతు. “పదహారు సెకన్లు. ఇరవై రెండూ వెలిగాయి. ఇక టీ విరామం!”

ఇన్‌స్పెక్టర్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, నవ్వు ఎందుకు మొదలుపెట్టాడో మరిచిపోయినవాడిలా.

వంటింట్లో గిన్నెల అల్మారా తలుపు తెరిచి ఉంది. కింది అరలో పెద్ద గుండిగ వెనక లాప్‌టాప్, దాని వైరు గోడ ప్లగ్గులోకి. తల్లి నేల మీద చతికిలబడి రెండు చేతులతో దాన్ని పొదువుకుని ఉంది.

“తీసుకెళ్ళొద్దు సార్! మీ కాళ్ళు పట్టుకుంటా. ఇది ఆగితే నా పిల్ల రాదు!”

* * *

విషయం ఒక్కో ముక్కగా బయటికొచ్చింది.

సోమవారం నుంచీ ఒక అబ్బాయి క్లాసు తెర మీద పిల్లతో మాట్లాడేవాడు. కొత్తవాళ్ళకి తోడుగా కంపెనీ పెట్టే పాత ఉద్యోగి అట. అలాంటివాళ్ళని ‘బడ్డీ’ అంటారట. ఏం అర్థం కాకపోయినా ఓపిగ్గా చెప్పేవాడు. కెమెరాలో తల్లికి కూడా నమస్కారం పెట్టాడు. మంగళవారం టీ విరామంలో పిల్ల కెమెరా ఆపి లేచి, “అమ్మా, బడ్డీ నా గుర్తింపు కార్డు తెచ్చి మలుపు దగ్గర నిలబడ్డాడు. సంతకం పెట్టి రెండు నిమిషాల్లో వస్తా. నేను రాకముందే పచ్చ గడి వస్తే నొక్కు,” అంది. ఇంటి స్లిప్పర్లతోనే దిగింది.

“పదకొండూ ఇరవైకి వచ్చింది గడి. ఎక్కడ నొక్కాలో తెలీలేదు అక్కా. వెతుక్కుని నొక్కా. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అని అయిదిందాకా నొక్కా. మొదటి ఉద్యోగం. క్లాసు మధ్యలో లేచిపోయిందని తెలిస్తే తీసేస్తారు కదా! అందుకే అయిదుంబావు అని చెప్పా.”

“పరీక్ష కూడా నువ్వే రాశావా?”

“అవేవో గళ్ళు వచ్చాయి. నాకేం ఇంగ్లీషు చదవడం వచ్చు? పైదానికల్లా టిక్కు పెట్టా.” తలెత్తింది. “తప్పులొచ్చాయా?”

పిన్ని వంగి ఆమె చెదిరిన కొంగు సర్దింది.

“మూడు రోజులు! వాడి బండి ఆ మలుపులో పదకొండింటికి ఉంటే మేం సాయంత్రం కెమెరాలు చూస్తున్నాం. తల్లివా నువ్వు?” అరిచాడు ఇన్‌స్పెక్టర్.

“సార్, ఆ మాట మళ్ళీ అనొద్దు,” అంది పిన్ని. గొంతు పెంచలేదు. ఆయన ఆగాడు. “పిల్ల మధ్యాహ్నం ఏం తిందని మీరు ఆమెని ఒక్కసారి కూడా అడగలేదు. పచ్చ చుక్క చూసి బతికుందన్నారు. ఆమె తప్పు భయంతో చేసింది. మీ తప్పు బద్ధకంతో.” తల్లి వైపు తిరిగింది. “మంగళవారం సరే. బుధవారం నుంచి ఎందుకు నొక్కుతున్నావు?”

తల్లి లాప్‌టాప్ తిప్పి చూపించింది. తెర పక్కన బడ్డీ పేరుతో తెలుగులో సందేశం. బుధవారం పొద్దున్న తొమ్మిదికి వచ్చింది.

‘అమ్మా, మీ అమ్మాయి నా దగ్గర క్షేమం. గడి మీరే నొక్కుతున్నారని తెలుసు. నొక్కుతూ ఉండండి. ఒక్కటి తప్పినా, ఎవరికైనా చెప్పినా ఇక చూడలేరు.’

“అరవై ఆరు నొక్కా,” అంది తల్లి. “మంగళవారంతో కలిపి. ఒక్కటీ తప్పలేదు. ఒక్కోటీ నొక్కినప్పుడల్లా, ఇంకో ఇరవై నిమిషాలు బతికుంటుంది కదా అని...”

ఆ మాటతో తలుపు కేసి తల ఆనించి బావురుమంది. పిన్ని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. వాడు ఎంత తెలివిగా చేశాడు! పిల్లని పట్టుకెళ్ళి, తల్లి వేలితోనే పోలీసుల కళ్ళు మూయించాడు. ఆ ఏడుపులో టింగ్ శబ్దం ఇద్దరికీ వినిపించలేదు. తెర మీద పచ్చ గడి వెలిసిపోతుంటే ముందు చూసింది ఇన్‌స్పెక్టరే.

“ఏయ్, వచ్చింది!”

తల్లి ఎగిరి పడింది. తడి వేలు జారింది. మళ్ళీ నొక్కింది. యాభై రెండు సెకన్లు.

నిమిషం తిరగకుండానే బడ్డీ పేరు కింద కొత్త వరస వచ్చింది.

‘ఇంత ఆలస్యమేం అమ్మా? ఇంట్లో ఎవరైనా ఉన్నారా?’

వాడు చూస్తున్నాడు. ఎక్కడో దూరం నుంచి కాదు, ఇదే క్లాసులో కూర్చుని, అందరి పచ్చ చుక్కల మధ్యా ఈ ఒక్క చుక్కనే కనిపెట్టుకుని ఉన్నాడు.

“జవాబివ్వు. పాలు పొంగాయని రాయి,” అంది.

తల్లి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ‘పాలు’ అని మాత్రం కొట్టగలిగింది.

‘సరే. జాగ్రత్త,’ అని వచ్చింది.

* * *

పిన్ని ముందు గదిలోకి పరిగెత్తి ట్రైనర్‌కి ఫోను చేసింది.

“పాఠం చెబుతున్నావా?”

“లేదు మేడమ్, పిల్లలు చదువుకుంటున్నారు. మైకు ఆపి ఉంది. చెప్పండి.”

“ఈ బ్యాచ్‌కి స్వాగతం పెట్టెలు ఎన్ని పంపారు?”

“ఇరవై ఒకటి.”

“పచ్చ చుక్కలు?”

“ఇరవై రెండు... ఆఁ, ఇరవై రెండోది బడ్డీ కదా. చేరినవాడు కాదు.”

“వాణ్ణి ఎవరు పెట్టారు?”

“పైవాళ్ళు పెట్టుంటారు మేడమ్. నిజానికి బడ్డీలని రెండో వారంలోగానీ ఇవ్వం. మొదటి రోజే కనబడేసరికి నేనెలా చెబుతున్నానో చూడ్డానికి పెద్దాఫీసు నుంచి ఎవర్నో కూర్చోబెట్టారనుకున్నా. అందుకే రోజూ ప్రత్యేకంగా గుడ్ మార్నింగ్ చెప్పేదాన్ని.” ఆ నవ్వు గొంతు మొదటిసారి సన్నగిల్లింది. “మేడమ్... కాదా?”

“కాదమ్మా.”

పిన్ని గొంతు తగ్గించింది. “ఇప్పుడు నువ్వు ఏడవకూడదు. మొహం మార్చకూడదు. వాడు ఎక్కణ్ణుంచి క్లాసులోకి వస్తున్నాడో తెలియాలి.”

“దానికి సాంకేతిక విభాగానికి రాయాలి. ఏడు పనిదినాలు...”

“ఆ విభాగంలో మనిషన్నవాడు ఒక్కడైనా లేడా?”

“ఉన్నాడు. ఇంకో ఫోనులో పిలుస్తా.” ఎదురుచూపు. “మేడమ్, తెలుస్తుందట! ఏ వీధిలో ఉన్నాడో కూడా చెప్పొచ్చట. కానీ పది నిమిషాలు వాడు క్లాసులోనే ఉండాలట. వెళ్ళిపోతే ఏమీ దొరకదట. వాడు దొంగ దారుల్లోంచి వస్తున్నాడట.”

“పది నిమిషాలు వాడు కదలకూడదు. ఎవరూ చప్పుడు చేయొద్దు.”

పదకొండూ ముప్ఫై. తల్లి గుమ్మానికి ఆనుకుని పిన్ని మొహంలోకి చూస్తోంది. మూడు రోజుల తర్వాత ఆ కళ్ళలో ఏదో వెలిగింది. పిన్నికి ఆ వెలుగంటేనే భయం. ఇంతకాలంలో ఆమె చూసినవన్నీ ఆరిపోయినవే.

పదకొండూ ముప్ఫై రెండు. “సగం అయిందట మేడమ్. ఊరు తెలిసింది. మన ఊరే!” అంది ట్రైనర్.

“మన ఊరా?” ఇన్‌స్పెక్టర్ ఒక్క అంగలో వచ్చి పిన్ని చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. మూడు రోజుల పరువు ఆయన మొహంలో ఎర్రగా ఉంది. “ఇదిగో అమ్మాయ్, నేను ఇన్‌స్పెక్టర్‌ని. వాణ్ణి మాట్లాడించు. పాఠంలో ప్రశ్న అడిగినట్టు అడుగు. గొంతు వింటే మా రికార్డుల్లో ఉన్నవాడో కాదో నిమిషంలో చెప్తా.”

“వద్దు! సార్, ఇవ్వండి ఇటు. ఇంకో అయిదు నిమిషాలు...”

“మీరుండండి. ఎవరి కేసు ఇది? అమ్మాయ్, మైకు పెట్టు!”

“సరే సార్,” అంది ట్రైనర్ భయంభయంగా. రెండు చేతులూ కావాల్సొచ్చి ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచినట్టుంది. మైకు తెరిచింది.

“పెట్టావా? పేరు పెట్టి పిలువు! పోలీసులున్నారని మాత్రం తెలియనివ్వకు!” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

రెండు క్షణాల తర్వాత వంటింట్లోంచి, గిన్నెల అల్మారాలోంచి, ఆయన గొంతే గట్టిగా వినిపించింది.

‘పేరు పెట్టి పిలువు! పోలీసులున్నారని మాత్రం తెలియనివ్వకు!’

క్లాసులో ఉన్న ప్రతి ఇంట్లోనూ, ప్రతి తెర దగ్గరా ఆ మాటే మోగింది.

పిన్ని వంటింట్లోకి పరిగెత్తింది. బడ్డీ పేరు పక్కన పచ్చ చుక్క ఇంకా ఉంది. దాని కింద చుక్కలు చుక్కలుగా ఏదో కదులుతోంది, వాడు రాస్తున్నాడు. తీరిగ్గా రాస్తున్నాడు. తల్లి మోకాళ్ళ మీద కూలబడి, తెరకి మొహం ఆనించేంత దగ్గరగా జరిగింది. అక్షరాలు వచ్చాక బడి పిల్లలా పైకి చదివింది.

“అమ్మా... ఇక... నొక్కక్కర్లేదు.”

పచ్చ చుక్క ఆరిపోయింది.

“అంటే ఏంటక్కా?” తల్లి పిన్ని చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. “పంపించేస్తానంటున్నాడా? పిల్ల వచ్చేస్తోందా? అదేనా?”

పిన్ని నోరు తెరిచింది. ఆసుపత్రి, రైలు పట్టాలు, బావి, అన్నీ వరసగా వచ్చి గొంతులో నిలబడ్డాయి. గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ టోపీ తీసేసి గోడ పట్టుకుని ఉన్నాడు.

టింగ్.

పదకొండూ నలభై. పచ్చ గడి. తల్లి గిరుక్కున తిరిగి నొక్కింది. రెండు సెకన్లు. అచ్చం కూతురు నొక్కినట్టే.

ఇన్‌స్పెక్టర్ చేతిలో వేలాడుతున్న ఫోనులోంచి ట్రైనర్ ఏడుస్తూ, అలవాటుకొద్దీ, లెక్కపెడుతోంది.

“ఇరవై ఒకటి మేడమ్. ఇరవై ఒకటి. అందరూ ఉన్నారు.”